రెండు మదనపల్లెలు ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను తిరుపతిలో హాస్టల్‌లో ఉండి డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది మదనపల్లె. శనివారం ఊళ్లకు వెళ్లే అమ్మాయిల వివరాలు రాసుకోవడానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టాను. అది గది నంబరు, ఊరి పేరు అడుగుతుంది. ఊరు మదనపల్లె అయితే మా జట్టులో కలుపుతుంది. పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే. మొదట రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి పోల్చాను. మదనపల్లె అని టైప్ చేసినా కాదంది. స్నేహితురాలు చెప్పిందని, రెండు మాటలను పోల్చే స్ట్ర్‌కంప్ వాడితే, మదనపల్లె తప్ప మిగతా ఊళ్లన్నీ మదనపల్లె అంది! అది ఎలాగో సరిచేసుకున్నాను. తర్వాత రైల్వే కోడూరు అమ్మాయి వివరాలు ఇస్తే ఆమె రెండుసార్లు నమోదైంది. ఒకసారి రైల్వే అని, ఇంకోసారి అదే గది నంబరుతో కోడూరు అని. టైప్ చేసినదాన్ని చదివే స్కాన్ఎఫ్ తీసి, వరుస మొత్తం చదివే ఎఫ్‌గెట్స్ పెడితే, నేను ఊరు టైప్ చేయకముందే దాటిపోతోంది. మిగిలిపోయిన ఇన్‌పుట్‌ను పారేయడానికి ఎవరో ఎఫ్‌ఫ్లష్ చేర్చమన్నారు. నా ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఆగి అడుగుతోంది గానీ మళ్లీ మదనపల్లెను మదనపల్లె కాదంటోంది. కాలేజీ ల్యాబ్‌లోని లినక్స్ మీద అసలు ఆగడమే లేదు. స్ట్ర్‌కంప్‌లోనే లోపం ఉందా? కంపైలర్ మార్చమంటారా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మా, కంపైలర్ మార్చవద్దు. స్ట్ర్‌కంప్‌లో ఏ లోపమూ లేదు. నీ ఉత్తరంలో ఉన్నది ఒక్క తప్పు కాదు, వేర్వేరు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. ముందున్నది సర్దుకోగానే వెనకది బయటపడింది. అందుకే తిరిగి తిరిగి మొదటికే వచ్చినట్టు నీకు అనిపిస్తోంది. మొదటిరోజు వచ్చిన ‘కాదు’కీ ఇప్పుడు వస్తున్న ‘కాదు’కీ కారణాలు వేరు. నువ్వు ప్రతిసారీ కొంత ముందుకే వెళ్లావు.

అయితే ఒక పని మాత్రం నువ్వు చేయలేదు. కోడ్ మార్చుతూ పోయావు గానీ, ఊరి పేరు అక్షరాలు వరుసగా దాచుకునే అర్రేలో నిజంగా ఏముందో చూడలేదు. స్ట్రింగులు, అంటే అక్షరాల వరుసలు, కలవనప్పుడు అన్నిటికంటే ముందు చేయవలసింది అదే. పోల్చే వరుసకు సరిగ్గా పైన ఒక ప్రింట్ఎఫ్ పెట్టు. ఊరి పేరును రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ముద్రించు, పక్కనే స్ట్ర్‌లెన్ ఇచ్చే పొడవు కూడా వెయ్యి. ఆ తర్వాత ఒక ఫర్ లూప్‌తో సున్నా బైటు వచ్చేదాకా ఒక్కొక్క అక్షరాన్ని పర్సెంట్ డి తో అంకెగా ముద్రించు. మదనపల్లె ఇంగ్లిషు స్పెల్లింగులో పదకొండు అక్షరాలు. అన్నీ సరిగా ఉంటే నీకు కనబడవలసిన వరుస ఇది: 77, 97, 100, 97, 110, 97, 112, 97, 108, 108, 101. ఆ వెనక, ముద్రణలోకి రాకుండా, ముగింపును సూచించే సున్నా ఉంటుంది.

ఇప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో నడిపి చూడు. పొడవు 12 అని వస్తుంది. 101 తర్వాత 10 అనే అంకె ఉంటుంది. మూసే బ్రాకెట్ పేరు పక్కన కాక కింది వరుసలో పడుతుంది. ఆ 10 ఎక్కడి నుంచి వచ్చిందంటే, నువ్వు కొట్టిన ఎంటర్ నుంచి. ఎఫ్‌గెట్స్ వరుస మొత్తాన్ని, చివరి న్యూలైన్‌తో సహా అర్రేలో పెడుతుంది. స్ట్ర్‌కంప్ రెండు స్ట్రింగులను బైటు బైటుగా పోల్చుకుంటూ పన్నెండో చోటికి వచ్చేసరికి ఒకవైపు 10, ఇంకోవైపు 0 కనిపించింది. తేడా ఉందని చెప్పింది. అది నీకు చెప్పింది నిజమే.

ఆ న్యూలైన్‌ను తీసేయడానికి చాలామంది స్ట్ర్‌లెన్‌లోంచి ఒకటి తీసి ఆ స్థానంలో సున్నా పెడతారు. నువ్వు అలా చేయవద్దు. పేరు అర్రేకి మించి పొడవైతే అందులోకి న్యూలైన్ రానే రాదు, అప్పుడు పేరులోని అక్షరమే తెగిపోతుంది. స్ట్రింగు ఖాళీగా ఉంటే ఇంకా ప్రమాదం: సున్నాలోంచి ఒకటి తీసి, అర్రే మొదలుకంటే ముందున్న చోట రాస్తావు. దీనికి, స్ట్రింగుల ఫంక్షన్లను ప్రకటించే స్ట్రింగ్ హెడర్‌లోనే స్ట్ర్‌సీస్పన్ అనే ఫంక్షన్ ఉంది. పేరులో ఎస్, టి, ఆర్ తర్వాత సి, ఎస్, పి, ఎన్ ఉంటాయి. మొదటి న్యూలైన్ వచ్చేలోపు ఎన్ని అక్షరాలున్నాయో అది లెక్కపెట్టి ఇస్తుంది. ఆ లెక్కనే సూచికగా తీసుకుని అక్కడ సున్నా రాయి. న్యూలైన్ లేకపోతే అది పూర్తి పొడవునే ఇస్తుంది కాబట్టి, సున్నా ఉన్న చోటే మళ్లీ సున్నా రాసినట్టవుతుంది. ఏమీ చెడదు. వెతకవలసిన అక్షరాల్లో న్యూలైన్‌తో పాటు బ్యాక్‌స్లాష్ ఆర్ (13 అంకె గల అక్షరం) కూడా చేర్చు. విండోస్‌లో తయారైన ఫైలును ల్యాబ్‌లోని లినక్స్ మీద చదివినప్పుడు ప్రతి వరుస చివరా 10 కి ముందు 13 కూడా ఉంటుంది. అది ఉందో లేదో బ్రాకెట్లే చెబుతాయి: 10 ని తీసేసి 13 ని వదిలేస్తే మూసే బ్రాకెట్ వరుస మొదటికి వచ్చి తెరిచే బ్రాకెట్ మీద పడుతుంది.

ఇక వెనక్కి వెళ్లి నీ మొదటి ప్రయత్నం చూద్దాం. ఈక్వల్ గుర్తులతో పోల్చినప్పుడు సీ అక్షరాలను చూడదు. అర్రే పేరు అక్కడ దాని మొదటి అక్షరం ఉన్న మెమరీ చిరునామాగా మారుతుంది. కోట్స్ మధ్య రాసిన మదనపల్లె మెమరీలో ఇంకొక చోట ఉంటుంది, దానికి ఇంకొక చిరునామా. రెండు గదుల నంబర్లు వేరు కాబట్టి ఆ గదుల్లో ఉన్న అమ్మాయిల ఊళ్లూ వేరే అని తేల్చినట్టు ఉంటుంది ఆ పోలిక. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. కోట్స్‌లో రాసిన ఒకే మాట ప్రోగ్రాంలో రెండు చోట్ల వస్తే కొన్ని కంపైలర్లు రెండింటినీ ఒకే చోట దాచుతాయి. అప్పుడు ఈక్వల్ గుర్తులు నిజమని చెప్పి, ఈ పద్ధతి పనిచేస్తుందన్న భ్రమ కల్పిస్తాయి. జీసీసీ కంపైలర్‌తో కంపైల్ చేసేటప్పుడు హెచ్చరికలన్నీ చూపించే ‘వాల్’ ఆప్షన్ పెట్టుకో: హైఫన్, పెద్ద డబ్ల్యూ, తర్వాత చిన్న ఏ, ఎల్, ఎల్. ఆ ఒక్క మాట పెట్టి ఉంటే నీ మొదటి తప్పును ప్రోగ్రాం నడపకముందే కంపైలర్ చూపించేది. హెచ్చరికలు కనబడకుండా సీ నేర్చుకోమనడం విద్యార్థులకు అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

రెండో ప్రయత్నంలో అంతా తలకిందులైంది కదా. రెండు స్ట్రింగులు ఒకటే అయితే స్ట్ర్‌కంప్ సున్నా ఇస్తుంది. సీ లో ఇఫ్ దృష్టిలో సున్నా అంటే అబద్ధం. అందుకే స్ట్ర్‌కంప్‌ను నేరుగా ఇఫ్‌లో పెడితే, కలిసిన మదనపల్లె కాదైంది, కలవని పాకాల, పలమనేరు అవునయ్యాయి. సున్నా ఎందుకంటే, ఈ ఫంక్షన్ చెప్పవలసినవి రెండు కాదు, మూడు సంగతులు: అక్షర క్రమంలో మొదటిది ముందు వస్తే ఋణసంఖ్య, తర్వాత వస్తే ధనసంఖ్య, తేడా లేకపోతే సున్నా. ఆ ఋణసంఖ్య మైనస్ ఒకటే కావాలని, ధనసంఖ్య ఒకటే కావాలని సీ భాష నియమాల పత్రమైన సీ ప్రమాణంలో లేదు. కొన్ని నోట్సుల్లో ‘ఒకటికి సమానమా’ అని పరీక్షించే కోడ్ ఉంటుంది. ఒక కంప్యూటర్‌లో నడిచి ఇంకో కంప్యూటర్‌లో చెడుతుంది. ఎప్పుడూ సున్నాతోనే పోల్చు: సమానమా, తక్కువా, ఎక్కువా అని. పైన స్ట్రింగ్ హెడర్‌ను చేర్చడం మరచిపోవద్దు. పాత కంపైలర్లు హెడర్ లేకపోయినా ఊరుకునేవి. 2024 లో వచ్చిన జీసీసీ 14 దాన్ని తప్పుగానే పరిగణించి కంపైల్ చేయడం ఆపేస్తుంది.

ఇప్పుడు రైల్వే కోడూరు సంగతి. నాకు నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. ఎందుకంటే తర్వాత నువ్వు పడిన తిప్పలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. స్కాన్ఎఫ్‌కు పర్సెంట్ ఎస్ ఇస్తే అది ఒక మాటను మాత్రమే చదువుతుంది. ఖాళీ, ట్యాబ్, ఎంటర్ వీటిలో ఏది కనబడినా ఆగిపోతుంది. ‘రైల్వే’ని తీసుకుంది, ఖాళీ దగ్గర ఆగింది. మిగిలిన ‘కోడూరు’ ఎక్కడికీ పోలేదు, ఇన్‌పుట్‌లోనే ఉండిపోయింది. తర్వాతి చుట్టులో గది నంబరు కోసం పర్సెంట్ డి తో చదవబోతే ఎదురుగా కె అనే అక్షరం ఉంది. అంకె కాదు కాబట్టి స్కాన్ఎఫ్ దాన్ని ముట్టుకోకుండా వెనక్కి వచ్చేసింది. గది నంబరు దాచే చోట పాత విలువే మిగిలింది. ఆ వెంటనే ఊరి కోసం చదివిన పర్సెంట్ ఎస్ ‘కోడూరు’ను సంతోషంగా తీసుకుంది. ఒకే అమ్మాయి రెండుసార్లు నమోదైంది ఇలా. నీ ప్రోగ్రాం లూప్‌లో గది నంబరు ఒక్కటే అడిగి ఉంటే ఆ కె అక్కడే కూర్చుని, లూప్ ఎప్పటికీ ఆగేది కాదు.

స్కాన్ఎఫ్ ఎన్నింటిని చదవగలిగిందో లెక్క తిరిగి ఇస్తుంది. నువ్వు ఆ లెక్కను చూడకుండా వదిలేశావు. గది నంబరు చదివినప్పుడు అది 1 కాకపోతే ఏదో చెడిందని అక్కడికక్కడే తెలిసేది.

ఎఫ్‌గెట్స్ పెట్టగానే ఆగకుండా దాటిపోవడానికి కారణం కూడా మిగులే. గది నంబరు 12 కొట్టి ఎంటర్ నొక్కావు. పర్సెంట్ డి ఒకటినీ రెండునూ తీసుకుని న్యూలైన్‌ను వదిలేసింది. తర్వాత వచ్చిన ఎఫ్‌గెట్స్‌కు మొదట కనబడింది ఆ న్యూలైనే. ఒక వరుస పూర్తయిందనుకుని, ఒక్క న్యూలైన్ ఉన్న స్ట్రింగును నీ చేతిలో పెట్టింది. అది నిన్ను అడగకపోలేదు, ముందే ఇచ్చిన జవాబును అందుకుంది. పర్సెంట్ సి తో ఒక్క అక్షరం చదివేటప్పుడు ‘యెస్ ఆర్ నో’ ప్రశ్న దాటిపోవడం కూడా ఇదే కారణంగా. అక్కడైతే పర్సెంట్ గుర్తుకు ముందు ఒక ఖాళీ వదిలితే చాలు.

ఎఫ్‌ఫ్లష్‌ను తీసేయి. అది అవుట్‌పుట్ కోసం ఉన్నది. కీబోర్డు ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరగాలో సీ ప్రమాణం చెప్పలేదు. విండోస్‌లో కొన్ని పాత లైబ్రరీలు మిగులును పారబోస్తాయి. లినక్స్‌లో కీబోర్డు నుంచి వచ్చే ఇన్‌పుట్‌కు అలా జరగదు. నీ ల్యాప్‌టాప్‌కూ ల్యాబ్‌కూ వచ్చిన తేడా అదే.

మరి ఏం చేయాలి? ఒక ప్రోగ్రాంలో స్కాన్ఎఫ్‌నూ ఎఫ్‌గెట్స్‌నూ కలిపి వాడడం మానేయి. గది నంబరైనా, ఊరైనా, అవునా కాదా అన్న జవాబైనా, అన్నీ వరుసలుగానే చదువు. దానికి ఒక ఫంక్షన్ నువ్వే రాసుకో. అది ఎఫ్‌గెట్స్‌తో ఒక వరుస తీసుకోవాలి, నల్ వస్తే ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పాలి, న్యూలైన్ లోపల ఉంటే తీసేయాలి. న్యూలైన్ లేకపోతే వరుస పొడవైందన్నమాట. అప్పుడు గెట్‌చార్‌తో న్యూలైన్ లేదా ఇన్‌పుట్ ముగింపు వచ్చేవరకు మిగిలిన అక్షరాలను చదివి పారేయాలి. లేకపోతే ఆ తోక తర్వాతి అమ్మాయి వివరాల్లోకి చేరుతుంది. నంబరు కావలసిన చోట ఆ వరుసను, స్ట్రింగులోంచి చదివే ఎస్‌స్కాన్ఎఫ్‌కు ఇచ్చి, తిరిగి వచ్చిన లెక్క 1 అయితేనే వాడుకో. లూప్ కొనసాగాలా ఆగాలా అన్నది నీ ఫంక్షన్ ఇచ్చే జవాబును బట్టే ఉండాలి. ఎండ్ ఆఫ్ ఫైల్ వచ్చిందా అని లూప్ మొదట్లో ఎఫ్‌ఈఓఎఫ్‌తో అడిగితే చివరి అమ్మాయి మళ్లీ రెండుసార్లు రావచ్చు.

ఆ ఫంక్షన్ రాసేటప్పుడు ఒకచోట నువ్వు తప్పకుండా తడబడతావు, ముందే చెబుతున్నాను. నీ అర్రే 20 అక్షరాలది అనుకుందాం. మెయిన్‌లో ఎఫ్‌గెట్స్‌కు అర్రే పరిమాణాన్ని సైజ్ఆఫ్‌తో ఇస్తే 20 వస్తుంది. అదే వరుసను ఫంక్షన్‌లోకి మార్చితే, అక్కడికి వచ్చింది అర్రే కాదు, దాని చిరునామా మాత్రమే ఉన్న పాయింటర్. 64 బిట్ల కంప్యూటర్‌లో సైజ్ఆఫ్ 8 ఇస్తుంది. ముగింపు సున్నాకు ఒకటి పోగా ఏడే అక్షరాలు చదువుతుంది: మదనపల్లెలో ఎం నుంచి పి వరకు. మళ్లీ బ్రాకెట్లు పెట్టి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. పరిమాణాన్ని ఫంక్షన్‌కు వేరే పారామీటర్‌గా పంపు.

ల్యాబ్ రికార్డులో వరుస చదవడానికి గెట్స్ అనే పాత ఫంక్షన్ ఉంటే, దాన్ని అలాగే ఎక్కించడం తేలిక అని నాకు తెలుసు. అయినా వద్దంటాను. గెట్స్‌కు అర్రే ఎంత పెద్దదో తెలియదు, చెప్పే వీలు కూడా లేదు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాం) చొరబడడానికి వాడుకున్న దారుల్లో ఒకటి, ఫింగర్ సేవా ప్రోగ్రాంలో గెట్స్‌తో 512 బైట్ల బఫర్‌లోకి చదవడం. 2011 సీ ప్రమాణంలో గెట్స్‌ను పూర్తిగా తొలగించారు. స్కాన్ఎఫ్‌లో వెడల్పు ఇవ్వని పర్సెంట్ ఎస్ కూడా అంతే ప్రమాదం. పరీక్షలో స్కాన్ఎఫ్ తప్పనిసరైతే 20 అక్షరాల అర్రేకు పర్సెంట్ 19 ఎస్ అని రాయి. చివరి స్థానం సున్నాది. తిరుపతి అని ఇంగ్లిషులో రాస్తే ఎనిమిది అక్షరాలు, కావలసిన చోటు తొమ్మిది.

ఆ సున్నాకు ఇంత ప్రాధాన్యం ఎందుకో కూడా తెలుసుకో. సీ కి ముందు తరమైన బీసీపీఎల్ భాషలో స్ట్రింగు మొదటి బైటులో పొడవు ఉండేది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ చేతుల్లో బీ, ఆ తర్వాత సీ రూపుదిద్దుకున్నప్పుడు, పొడవును ఒక్క బైటుకు పరిమితం చేయకుండా ముగింపు గుర్తు పద్ధతిని ఎంచుకున్నారు. అందువల్ల స్ట్ర్‌కంప్, స్ట్ర్‌లెన్, పర్సెంట్ ఎస్ అన్నీ సున్నా కోసమే నడుచుకుంటూ వెళతాయి. సున్నాకు చోటివ్వకపోతే అర్రే దాటి ఎక్కడికో పోతాయి.

ఇప్పుడు నీ ప్రోగ్రాం కలుపుతుంది, కానీ హాస్టల్‌లో వాడడం మొదలుపెట్టాక కొత్త ఫిర్యాదులు వస్తాయి. ఎవరో మొదటి అక్షరం చిన్నదిగా కొడతారు. స్ట్ర్‌కంప్‌కు పెద్ద ఎం 77, చిన్న ఎం 109. ఆ రెండూ దానికి వేర్వేరు. రెండు స్ట్రింగులనూ టులోయర్‌తో చిన్న అక్షరాలకు మార్చి పోల్చు, ప్రతి అక్షరాన్నీ ముందు అన్‌సైన్డ్ చార్‌గా మార్చుకుని. లినక్స్‌లో స్ట్ర్‌కేస్‌కంప్ ఉంది గానీ అది సీ ప్రమాణంలోది కాదు, విండోస్‌లో దానికి వేరే పేరు. ఇంకెవరో పేరు చివర ఒక ఖాళీ కొడతారు, దాన్నీ తీసేయాలి. ఇవన్నీ చేశాక కూడా ఒకరు మదనపల్లె చివర ఇ అక్షరం, ఇంకొకరు ఐ అక్షరం పెడతారు. చిత్తూరును రెండు ఓ లతో రాసేవాళ్లు ఉన్నారు, ఒక్క యు తో రాసేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ స్ట్ర్‌కంప్ చేయగలిగింది ఏమీ లేదు. నేనైతే ఊళ్ల జాబితాను అంకెలతో తెరమీద చూపించి, అంకె కొట్టమంటాను. టైప్ చేసిన ఊరి పేరును పోల్చడం జాబితాలో లేని ఊళ్లకే ఉంచుతాను. పోల్చడం నేర్చుకోవద్దని కాదు. పదిమంది వాడే ప్రోగ్రాంలో వాళ్ల స్పెల్లింగులకు పరీక్ష పెట్టడం సరికాదు.

నువ్వు అడగలేదు గానీ, తర్వాత ఊళ్లను తెలుగులోనే టైప్ చేయించాలని నీకు తప్పక అనిపిస్తుంది, అనిపించాలి కూడా. అప్పుడు అర్రే పరిమాణం 20 చాలదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. మదనపల్లెలో వత్తు, గుణింతం గుర్తులతో కలిపి ఎనిమిది గుర్తులు, అంటే 24 బైట్లు. 20 బైట్ల అర్రేలోకి చదివితే ‘ల్ల’ ముక్కలై తెగిపోతుంది. రైల్వే కోడూరుకు మధ్య ఖాళీతో కలిపి 37 బైట్లు. ఊరి పేరుకు వంద ఇచ్చేయి. కంటికి ఒకేలా ఉన్న రెండు మాటల మధ్య బైట్ల తేడా కూడా ఉండవచ్చు. ‘రై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, ఎత్వం, ఐత్వపు కింది భాగం అనే రెండు గుర్తులుగానూ రాయవచ్చు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనబడని జోడింపు నిరోధక గుర్తును చేర్చుతాయి, దానికి మరో మూడు బైట్లు. స్ట్ర్‌కంప్ ఇవన్నీ తేడాలుగానే లెక్కపెడుతుంది.

ముందుగా ఇంగ్లిషు ప్రోగ్రాంనే సరిచేయి. సరిచేశాక ఈ జవాబులు ఇచ్చి చూడు: గది నంబరు దగ్గర అక్షరాలు, ఊరి దగ్గర ఉత్త ఎంటర్, అర్రేకంటే పొడవైన పేరు, రైల్వే కోడూరు, చివర ఖాళీతో మదనపల్లె, చివరికి లినక్స్‌లో ఇన్‌పుట్ ముగిసిందని చెప్పే కంట్రోల్ డి. ల్యాబ్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే ఫలితం రావాలి. ఎక్కడైనా కలవకపోతే ప్రోగ్రాం మొత్తం పంపనక్కర్లేదమ్మా. బ్రాకెట్ల మధ్య పేరు, పొడవు, ఆ కింద అంకెల వరుస రాసి పంపు.